గంజి తడిమీద పద్యం

పొద్దు పొడిచేసరికి కౌసల్యమ్మ పొయ్యి మీద గంజి తెర్లుతూ ఉండాలి. అది ఆలస్యమైతే పడుగు ఆలస్యం. పడుగు ఆలస్యమైతే ఎండ మీదికొచ్చి పోగులు పెళుసెక్కుతాయి. ఇరవై ఏళ్ళుగా గద్వాలలోని ఆ సాలెవీధిలో ఆమె గంజి పలుచనైందని గానీ గడ్డ కట్టిందని గానీ అన్నవాళ్ళు లేరు. అనే ధైర్యం కూడా ఎవరికీ లేదనుకోండి.

వీధి పొడుగునా గుంజలు పాతి పడుగును, అంటే చీర నిలువు పోగులను, సాచి కడతారు. అటొకరు ఇటొకరు కుంచెలు పట్టుకుని గంజి రాసుకుంటూ నడుస్తారు. గంజి ఆరేదాకా రెండు కట్టుబాట్లు. ఒకటి, పడుగును ఎవరూ దాటకూడదు. రెండు, ఎవరూ మాట్లాడకూడదు. పాడొచ్చు.

ఆ వీధి పడుగు, గంజి తడిగా ఉన్నప్పుడు ఏది వింటే అది పట్టుకునేది. చీర కొత్తగా ఉన్నన్నాళ్ళు గంజి బిర్రుకు నోరు మెదపదు. ఉతికి ఉతికి గంజంతా పోయి, బట్ట మెత్తబడ్డాక, ఏ ఐదారేళ్ళకో, మడత విప్పి విదిలిస్తే విన్నది విన్నట్టు వినిపిస్తుంది. వెనక ఒకసారి వనపర్తి పెళ్ళిలో పెళ్ళికూతురి మేనత్త కొంగు విదిలిస్తే, తలంబ్రాల నడుమ "గంజిల ఉప్పెవరేసిన్రు, వాళ్ళ చేతులిరగ!" అని మగగొంతు ఒకటి అరిచింది. మాట్లాడకూడదన్న కట్టుబాటు అప్పుడు పుట్టిందే.

జాతరకు ముందు నెల రోజులు ఆ వీధివాళ్ళు నాటకం కట్టేవాళ్ళు. పొద్దుటి పూట పడుగు పక్కనే అరుగు మీద హార్మోనియం పెట్టి పద్యాలు వల్లె వేసేవాళ్ళు. చీరకు చీరా అవుతుంది, పద్యానికి పద్యమూ దక్కుతుంది. పద్యం పాడే చీర కావాలని లింగాల నుంచీ, ఖిల్లా ఘణపూర్ నుంచీ మనుషులు వచ్చేవాళ్ళు.

హార్మోనియం వాయించేది కౌసల్యమ్మ భర్త శ్రీరాములు. మాట్లాడకూడదన్న కట్టుబాటుకు కాపలాదారు కూడా ఆయనే. తడి పడుగు దగ్గర ఎవరైనా దగ్గితే చాలు, హార్మోనియం మీద చెయ్యి ఆపకుండానే గుడ్లురిమి చూసేవాడు.

పగటి అన్నాలయ్యాక ముగ్గురు మగవాళ్ళు ఆ అరుగు మీదే చేరేవాళ్ళు. ఒకరు శ్రీరాములు. ఇంకొకరు ఈరన్న, ముప్పై ఏళ్ళు రాజు వేషం కట్టి ఇప్పుడు పళ్ళూడిపోయి కూర్చున్నవాడు. మూడోవాడు తెరలకు రంగులేసే వెంకటేశం. చేతులు నూలు కండెలు చుడుతుంటే నోళ్ళు ఒకే సంగతి మీద తిరిగేవి. వీధి నాటకాలు మొదలైనప్పటి నుంచీ అన్నిటికన్నా చప్పగా పోయిన ఏడు ఏది? మంచి ఏడు ఏదంటే ముగ్గురూ ఒక్కమాట మీద ఉంటారు. అందులో మజా ఏముంది?

"వాన పడ్డ ఏడే," అనేవాడు ఈరన్న. "మన వెంకటేశం కోట తెరకు రంగులేసిండు. వాన పడంగనే కోట కరిగి నా నెత్తి మీద కారింది. నేను రాజునో, జాజుపూసిన గోడనో జనానికి తెల్వకపాయె."

"అది నా రంగు తప్పు కాదు తాతా, వాన తప్పు," అనేవాడు వెంకటేశం. "నీకు పిర్ర మీద గడ్డ లేచిన ఏడు చెప్పవేంది? సింహాసనం మీద కూసోలేక ఆ నాటకమంతా నిలబడే ఏలినవ్ రాజ్యం."

"నిలబడే పాడిన! పన్నెండు వన్సుమోర్లు కొట్టిన్రు!"

"వన్సుమోర్లతోనే తెల్లారిపాయె. కథ అడవి దాకా పోనే పోలె. రాణి అడవికి పోకుండనే జనం ఇండ్లకు పోయిన్రు."

కండెలు పక్కన పెట్టి మరీ నవ్వేవాళ్ళు. ఆఖరికి శ్రీరాములు గొంతు సవరించుకుని తీర్పు చెప్పేవాడు.

"ఎన్నయినా చెప్పున్రి. మద్దిలేటి గొంతు పగిలిన ఏటికి సాటి లేదు."

ఆ మాటతో వాదం ఆగిపోయేది. లోపల మగ్గం మీద అటూ ఇటూ ఆడే నాడె కూడా ఒక్క క్షణం ఆగేది. మళ్ళీ ఆడేది.

లోపల నేస్తున్నది మద్దిలేటి. కౌసల్యమ్మ తమ్ముడు. తల్లి పోయినప్పుడు వాడికి ఏడేళ్ళు. అప్పటి నుంచీ అక్కే పెంచింది. గొంతు బాగుందని బావే పద్యాలు నేర్పాడు. పద్దెనిమిదో ఏట రాణి వేషం కట్టించాడు. కట్టిన మొదటి ఏడే, అడవిలో రాణి దుఃఖించే పెద్ద పద్యంలో గొంతు పైకి పోయి, పోయినచోట ఫట్టున పగిలింది. జాతర జనమంతా గొల్లుమన్నారు. మద్దిలేటి తన చేత్తో తానే తెర దించేసుకున్నాడు. ఏడాది పొడుగునా ఊళ్ళో పిల్లలు ఆ పగిలిన చప్పుడే చేసుకుంటూ తిరిగారు. అది జరిగి ఆరేళ్ళు. ఆ తర్వాత మద్దిలేటి పాడలేదు. మగ్గం మీద కూనిరాగం కూడా తీయలేదు.

"ముందురోజు చల్ల తాగిండు. తాగొద్దు రా అన్న," అని శ్రీరాములు ఆరేళ్ళుగా చెబుతూనే ఉన్నాడు. చెప్పగా చెప్పగా ఆయనకే అది నిజమైపోయింది.

గొంతు పగిలిన ఆరేళ్ళకు, అంటే యుద్ధం మొదలై నాలుగో ఏట, షోలాపూర్‌లో ఉన్న మేనమామ కొడుకు ఉత్తరం రాశాడు, మిల్లులో మనిషి కావాలని. మద్దిలేటి సరేనన్నాడు. బేస్తవారం పొద్దున రాయచూరు బస్సు, అక్కడి నుంచి రైలు.

"ఎప్పుడొస్తవ్?" అనడిగింది కౌసల్యమ్మ, కూరలో ఉప్పు వేస్తూ.

"ఏమో అక్కా. పోయినోళ్ళు ఎవరొచ్చిన్రు?"

ఆమె కూరలో ఉప్పు రెండోసారి వేసింది. ఆ రాత్రి ఎవరూ ఆ సంగతి ఎత్తకుండా తిన్నారు.

మంగళవారం పగటి పూట మానవపాడు నుంచి దేవమ్మ బండి కట్టించుకుని వచ్చింది. పదెకరాల చేను స్వయంగా చేయించే మనిషి, గొంతు కూడా చేని గట్టు మీది గొంతే. అరుగు మీద ముగ్గురూ ఉన్నారు, వానా గడ్డా తేల్చుకుంటూ. దేవమ్మ వాళ్ళ నడుమ మూట పెట్టి కౌసల్యమ్మను కేకేసింది.

"ఓ కౌసల్యా! ఈ చీర మీ ఇంట్ల కొన్నదే. ఆరేండ్లాయె. కొంగు అతుకు కాడ జర పిగిలింది, రఫూ చేయాలె. మనుమరాలి పుట్టెంటికలకు కట్టుకుంట."

కౌసల్యమ్మ కొంగు పట్టి చూసింది. నూలు చీరకు పట్టుకొంగును పోగు పోగు మెలిపెట్టి తానే అతికింది. తన చేతి పని తాను గుర్తుపడుతుంది. "ఇది ఎంత సేపమ్మా, కూసో."

"ఇంకొకటి. మొన్న ఉతికినంక నోరు తెరిచింది. పద్యమైతే నెయ్యి పోసినట్టున్నది, మా పాలేర్లు గూడ పని ఆపి విన్నరు. గని పద్యమైనంక ఎవరో ఇద్దరు కొట్లాడుకుంటున్నరు. శుభకార్యంల అది బాగుండదు. ఆ ముక్క తీసేయొస్తదా?"

"తడి మీద మాట్లాడిందెవరు?" శ్రీరాములు అరుగు మీద నిటారుగా కూర్చున్నాడు. "మా వీధిల గట్ల జరగదు. నేనుంట గద!"

"నేనేం కతలు చెప్తున్ననా? ఇనున్రి." దేవమ్మ చీర రెండు అంచులు పట్టుకుని దులిపింది.

ముందు హార్మోనియం పలికింది. తర్వాత పద్యం. అడవిలో ఒంటరిగా ఉన్న రాణి తన బిడ్డ ఆకలి చెప్పుకునే పద్యం. పద్దెనిమిదేళ్ళ గొంతు, ఎక్కడా తొణకని గొంతు. మెట్టు మెట్టు ఎక్కి, కొసన ఒక్క క్షణం నిలబడి, దిగింది. ఈరన్న పళ్ళు లేని నోరు తెరుచుకుని అట్లాగే ఉండిపోయాడు. లోపల నాడె ఆగింది.

పద్యం అయిపోయింది. చీరలోంచి శ్రీరాములు గొంతు వచ్చింది, ఆరేళ్ళ కిందటి హుషారుతో.

"రేపు జాతరల నాలుగు శ్రుతికి ఎత్తుత. వెనకోళ్ళకు గూడ ఇనపడాలె."

"వద్దు బావా. రెండున్నర దాటితే నాకు పట్టది. గొంతు పలుగుతది."

"కొత్త హార్మోనియం పెట్టె తెచ్చింది దేనికిరా? నీకేం తెల్వదు. ఊరుకో."

మళ్ళీ హార్మోనియం. చీర ఊరుకుంది.

అరుగు మీద ఎవరూ ఎవరి మొహం చూడలేదు. వెంకటేశం చుట్టిన కండెనే విప్పి మళ్ళీ చుట్టడం మొదలుపెట్టాడు. మద్దిలేటి మగ్గం గుంటలోంచి లేచి వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు, మోకాళ్ళ దాకా దుమ్ముతో.

శ్రీరాములు చేతిలో కండె కింద పెట్టాడు. "ఇన్నేండ్లు... ఇన్నేండ్లు నాకెందుకు చెప్పకపోతివి రా?"

"చెప్పిన గద బావా," అన్నాడు మద్దిలేటి. కోపం లేదు, నిష్ఠూరమూ లేదు. "ఊరుకో అన్నవ్. ఊరుకున్న."

ఈరన్న తొడ మీద చరుచుకున్నాడు. "అయితే మన లెక్క తప్పు. ఆ ఏడు చప్పటిదే. గని చప్పటిది గొంతు గాదు, పెట్టె!"

"తాతా, నువ్వు జర నోరు మూసుకో," అన్నాడు వెంకటేశం.

"ఇప్పుడా కొట్లాట తీస్తరా, తియ్యరా?" అంది దేవమ్మ.

"తీయరాదమ్మా," అంది కౌసల్యమ్మ, వేళ్ళకు బూడిద అద్దుకుని తెగిన పోగులు మెలిపెడుతూ. "ఉండనీ. ఉన్నది ఉన్నట్టు ఉంటేనే మంచిది." ఆ మాట అంటూ భర్త వైపు చూడలేదు. చూడాల్సిన అవసరం లేకపోయింది.

తప్పు తేలినంత మాత్రాన ప్రయాణం ఆగలేదు. షోలాపూర్‌కు మాట ఇచ్చాడు, ఉత్తరం పోయింది. బుధవారం మద్దిలేటి రెండు ధోవతులు, ఒక దుప్పటి, అక్క చేసిన జొన్నరొట్టెలు మూట కట్టుకున్నాడు. శ్రీరాములు ఆ రోజంతా హార్మోనియం విప్పి, దుమ్ము దులిపి, మళ్ళీ బిగిస్తూ కూర్చున్నాడు. అన్నానికి పిలిస్తే రాలేదు. కౌసల్యమ్మ రెండోసారి పిలవలేదు. ఆకలైతే ఆయనే తింటాడు.

ఆమె బుధవారం సాయంత్రమే వీధిలోకి పోయి గుంజలు చూసుకుంది. ఇంట్లో ఉన్న నూలంతా ఒకటే పడుగు చేసింది. అంత పొడుగు పడుగు ఆ వీధి ఎన్నడూ చూడలేదు.

బేస్తవారం పొద్దున మద్దిలేటి మూట భుజాన వేసుకుని గడప దాటాడు. దాటి ఆగిపోయాడు. పడుగు వీధి ఆ చివర గోడ నుంచి ఈ చివర దాకా సాగి, అక్కడ మలుపు తిరిగి, బజారుకు పోయే సందు మూతికి అడ్డంగా కట్టి ఉంది. దాని మీద గంజి అప్పుడే పడింది. అక్క అటువైపు, పక్కింటి ఎల్లమ్మ ఇటువైపు కుంచెలతో నడుస్తున్నారు.

పడుగు దాటకూడదు. మాట్లాడకూడదు.

అక్క వైపు చూశాడు. ఆమె కుంచె వైపు చూస్తోంది. గంజి రాసేటప్పుడు ఆగితే గడ్డ కడుతుంది, ఎవరి కోసమూ ఆగరు. పోవద్దని ఆమె అనలేదు. అనడానికి వీల్లేదు కదా. అరుగుల మీద వీధి వీధంతా చేరి ఉంది, ఒక్క నోరూ మెదలకుండా. ఈరన్న మాట బయటికి రాకుండా పంచె కొంగు నోట్లో కుక్కుకున్నాడు.

శ్రీరాములు హార్మోనియం తెచ్చి అరుగు మీద పెట్టాడు. ఆరేళ్ళుగా ఆయన శ్రుతిగా పట్టని మెట్టు ఒకటుంది. రెండున్నర. దాని మీద వేలు పెట్టి నొక్కి పట్టాడు. బావమరిది వైపు చూడకుండా, తల వంచుకుని, గాలి వదులుతూ, ఒక్క శ్రుతే.

మద్దిలేటి కదల్లేదు. శ్రుతి ఆగలేదు. శ్రీరాములు నుదుటి మీద చెమట మొలిచింది. గాలితిత్తి కొడుతూనే ఉన్నాడు.

మద్దిలేటి మూట దించాడు. గొంతు సవరించుకున్నాడు. ఆ దగ్గుకు ఆ రోజు ఎవరూ గుడ్లురమలేదు.

అడవి పద్యం మొదటి పాదం తుప్పు పట్టిన గొళ్ళెంలా కిర్రుమంది. రెండో పాదానికి దారి దొరికింది. మూడో పాదంలో ఎల్లమ్మ కుంచె తడబడింది. కౌసల్యమ్మ కుంచె మాత్రం తడబడలేదు, ఆమె గంజి ఎప్పట్లాగే సమంగా సాగింది. అయితే ఆ రోజు ఒకే చోట రెండుసార్లు రాసిందని ఎల్లమ్మ తర్వాత అందరికీ చెప్పింది.

ఆ పడుగుకు నాలుగు చీరలు దిగాయి. వాటిలో ఒకటి కౌసల్యమ్మ ఎవరికీ అమ్మలేదు. ఆరేళ్ళు కట్టి, ఉతికి, మెత్తబరిచింది. ఇప్పుడు దాన్ని విదిలిస్తే హార్మోనియం వినిపిస్తుంది, ఒక దగ్గు వినిపిస్తుంది, పద్యం మొదలవుతుంది. నాలుగో పాదం నడుమ బజారు వైపు నుంచి రాయచూరు బస్సు హారను రెండుసార్లు గట్టిగా మోగుతుంది. కాసేపటికి మూడోసారి, కాస్త దూరంగా.

పద్యం ఆగదు.