డబ్బీ కింద ముక్క

అరవై మూడో సంవత్సరం, మార్చి ఎండ. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ చెరుకు కాంటా ముందు బండ్లు బారులు తీరాయి. బండికో ఇత్తడి బిళ్ల, దాని మీది నంబరు పిలిస్తేనే లోపలికి దారి. పోశన్నకు దొరికింది నలభై ఒకటి. అంటే రేపటి మాట. కొట్టి నాలుగు రోజులైన చెరుకు బండి మీదే ఎండుతోంది, గడియ గడియకూ తూకం తగ్గుతోంది. ఏడాది కష్టం కళ్లముందే ఆవిరైపోతోంది.

ఊరికే కూర్చోలేక, బారులో ముందున్న బండి హనోకుతో మూడు ముక్కలాటకు దిగాడు. పందెం బీడీలు. కాంటా దగ్గర పద్ధతేమిటంటే, ముందు రెండేసి ముక్కలు వేసి పందెం కాస్తారు, మూడోది ఆ తర్వాతే. వరసో జోడీయో పడినవాడిది గెలుపు, లేకుంటే పెద్ద ముక్క ఉన్నవాడిది.

పోశన్నకు ఆటీన్ రాజు, ఆటీన్ రాణి పడ్డాయి. మీసం దువ్వి అయిదు బీడీలు పెట్టాడు. మూడోది ఎత్తి చూస్తే ఇస్పేటు నాలుగు! ప్రాణం ఉసూరుమంది. హనోకు తన మూడో ముక్క గాలికి ఎగరకుండా దాని మీద సున్నపు డబ్బీ పెట్టి, ఎద్దుకు గడ్డి వేస్తున్నాడు.

ఇంత ఆర్భాటం చేసి ఇప్పుడు ముక్కలు పడేస్తే పరువేం కాను? పోశన్న బీడీ కట్ట పెట్టాడు. హనోకూ పెట్టాడు. ఇంకో కట్ట పెట్టాడు. హనోకూ పెట్టాడు. వాడి ముఖంలో సంతోషం లేదు, కాబట్టి వాడికీ ఏం పడలేదు, ఇంకాస్త నొక్కితే పారిపోతాడు అనుకున్నాడు పోశన్న. పశువు కన్ను చూసి రోగం చెప్పే మనిషి, ఎదుటివాడి చెయ్యి డబ్బీ జోలికే పోలేదని చూడొద్దూ!

హనోకు బిళ్ల తొమ్మిది. మరో గంటలో పిలుస్తారు.

"బిళ్లకు బిళ్ల," అన్నాడు పోశన్న.

"నీ నలభై ఒకటి నేనేం జేసుకోను పోశన్నా?"

"మీ తమ్ముడు వీరస్వామి తోకల ఉన్నడు గదా. నేనోడితే నాది వానికియ్యి, వాని నూట పన్నెండు నేను దీస్కుంట."

హనోకు ఒక్క క్షణం ఆలోచించి తొమ్మిదో నంబరు బిళ్ల ముందుకు తోశాడు. "సరే, సూపెట్టు."

పోశన్న ముక్కలు పరిచాడు. హనోకు తనవి రెండు తిప్పాడు: అయిదు, రెండు. పోశన్న ఊపిరి పీల్చుకున్నాడు. అప్పుడు హనోకు సున్నపు డబ్బీ పక్కకు జరిపి, మూడో ముక్క తిప్పి, తనే నోరు తెరిచాడు.

"అయిదే! జోడీ పడ్డది పోశన్నా!"

పోశన్న సున్నపు డబ్బీ వైపు చూశాడు. "నువ్వు... సూడకుంటనే ఆడినవార?"

"సూస్తే భయమైతదన్నా."

ఇంతసేపూ తను భయపెట్టింది, ఏం పడిందో తెలియని మనిషిని. పోశన్న తన బిళ్ల ఇచ్చేశాడు, లేచి ఎద్దులను కాడికి కట్టాడు.

బండి కదిలేసరికి చెరుకు మీద కొంగు కప్పుకొని పడుకున్న ఆయన భార్య భూమవ్వ లేచి కూర్చుంది. ఆమె ముఖం విప్పారింది.

"ఏమయ్యా, మన నంబర్ అచ్చిందా?"

పోశన్న బండిని వెనక్కి, బారు తోక వైపు తిప్పాడు.