తోమిన గిన్నెలు

మా ఇంటి పరువు టీవీలో నిలబెట్టినవాణ్ణి నేనే. కెమెరా ముందు నేను మాట్లాడుతుంటే దీపాలు పట్టుకున్నవాడు కూడా కళ్ళొత్తుకున్నాడు. ఈ సంగతి ఎవరడిగినా చెబుతాను, అడక్కపోయినా చెబుతాను.

ఆ పొద్దున మా కోడలు కుట్టుమిషన్ల కంపెనీకి సెలవు పెట్టి, ఇల్లు కడిగి, అంట్లు తోముతోంది. మావాడు మత్తుమందుకు అలవాటుపడి, ఆసుపత్రిలో చేరి, బయటపడి కొన్నాళ్ళయింది. అలాంటి కుటుంబాలను చూపించే టీవీ కార్యక్రమం వాళ్ళు మమ్మల్ని ఎంచుకున్నారు. వైద్యం ఖర్చు ఇక తామే పెట్టుకుంటామన్నారు.

మైకు పట్టుకొచ్చినావిడకు మైకమ్మ అని పేరు పెట్టాను. ఆవిడ వంటగదిలోకి తొంగి చూసి పెదవి విరిచింది.

"ఇంత శుభ్రంగా ఉంటే మీ కష్టాలు ఎవరు నమ్ముతారమ్మా?"

తోమి బోర్లించిన గిన్నెలు మళ్ళీ సింకులోకి వెళ్ళాయి. వాటి మీద మిగిలిన కూర ఒలకబోశారు. రెక్కలు ముక్కలు చేసుకుని చేసిన పని కళ్ళముందే మట్టిపాలైతే ఎలా ఉంటుందో మగవాణ్ణి, నాకేం తెలుసు? తర్వాతెప్పుడో, నేనడక్కుండానే, కోడలు చెప్పింది.

అసలు సిగ్గు అది కాదట. మైకమ్మ ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, "నువ్వెలా ఉన్నావమ్మా?" అనడిగింది. ఈ ఇంట్లో కాలు పెట్టాక ఆ మాట అడిగినవాళ్ళు లేరు. వాడు తిన్నాడా, పడుకున్నాడా అని అడిగినవాళ్ళమే అందరం. "నువ్వు గట్టిగా పట్టుకుంటే వాడెందుకు జారిపోతాడే" అని మా ఆవిడ. "నీ ఏడుపుమొహం చూడలేకే మత్తుసూది పట్టాను" అని ఒకనాడు మావాడు. అడిగారు కదా అన్న సంతోషంలో ఆమె కట్ట తెగినట్టు అంతా చెప్పేసింది. వాడు మత్తులో పక్క తడపడం, ఆ దుప్పట్లు ఎవరూ లేవకముందే తను ఉతికి ఆరేయడం కూడా. మొగుడూ పెళ్ళాలకు తప్ప మూడో మనిషికి తెలియని మాట అది.

టీవీలో ఆ మాటే మళ్ళీ మళ్ళీ వేశారు, వెనక ఏడుపు వాయిద్యంతో. కింద అక్షరాలు: 'భర్త మత్తులో, ఇల్లు చెత్తలో'. కంపెనీలో సూపర్‌వైజర్, "ముందు ఇంట్లో అంట్లు తోముకుని రావమ్మా" అన్నాడట. అందరూ నవ్వితే కోడలు కూడా నవ్వింది. నవ్వినందుకు మిషన్ మీద తల వంచుకుని తనను తానే తిట్టుకుంది. మావాడు మాత్రం ఏమీ తిట్టలేదు. తన దుప్పటి తనే మడతపెట్టుకుని, నేల చూస్తూ, "మంచిపని చేశావు" అన్నాడు.

"దానికంటే చెంపదెబ్బ నయం మావయ్యా" అంది నాతో.

నా ఉపన్యాసమంటారా? అంతా కోసేసి, గుమ్మం దగ్గరి చెప్పులు చూపించారు. కింద 'కుమిలిపోతున్న తండ్రి' అని రాశారు. ఆ చెప్పులు కూడా మా ఆవిడవి.

జనం బాగా చూశారని వాళ్ళు మళ్ళీ వచ్చారు. ఈసారి వాడి పాతరోజులు కావాలట. మైకమ్మ సంచిలోంచి సూది తీసింది.

"ఉత్త ఉప్పునీళ్ళే. గుచ్చుకుంటున్నట్టు పట్టుకుంటే చాలు."

"ఖర్చు పెట్టేవాళ్ళు ఊరికే పెడతారా? పట్టుకోరా" అంది మా ఆవిడ.

వాడు అందుకున్నాడు. చెయ్యి వణకలేదు. అదే కోడల్ని భయపెట్టింది. ఇల్లు గుర్తుపట్టిన పిల్లిలా వాడి వేళ్ళు సూది చుట్టూ ఒదిగిపోయాయి.

"నువ్వు ఆ అంట్ల సింకు దగ్గర ఏడుస్తూ ఉండమ్మా" అంది మైకమ్మ.

కోడలు అంట్లనీళ్ళ బకెట్టు ఎత్తి కెమెరా నెత్తిన దిమ్మరించింది. దీపాలు టపటపా పేలాయి. మైకమ్మ జుట్టునిండా మెతుకులే.

బాగుంది కదూ? ఆ బకెట్టు కథలోకి నేను తెచ్చిపెట్టిందే. నిజానికి ఆమె చేతులు తుడుచుకుని, మావాడి వేళ్ళు ఒక్కొక్కటే విప్పి, సూది మైకమ్మకు తిరిగి ఇచ్చేసింది.

"అయితే మా సాయం ఆగిపోతుంది" అంది మైకమ్మ.

"ఆగనివ్వండి." వాళ్ళందరూ గడప దాటేదాకా వీధి తలుపు పట్టుకుని నిలబడింది. తర్వాత మావాడి వైపు తిరిగింది.

"దుప్పటి మాట బయటపెట్టినందుకు నాకు సిగ్గుగా ఉంది. ఈ గిన్నెలు మాత్రం నా సిగ్గు కాదు. మీరు తోమండి."

వాడు తోమాడు. ఆమె అదే కుర్చీ లాక్కుని కూర్చుంది. నేను దగ్గరకెళ్ళి, "నువ్వెలా ఉన్నావమ్మా?" అనడిగాను.

ఈ చివరి మాట కూడా కల్పనే. నేనింకా అడగలేదు.