రెండేళ్ళు కాదు, ఏడు

"నవ్యా, నువ్వు కెనడాలో ఎన్నేళ్ళు ఉన్నావు?"

దొండకాయ వేపుడు రెండు డబ్బాల్లోకి సర్దుతున్నాను. రవికిరణ్ వంటింటి గుమ్మంలో ఫోను పట్టుకుని నిలబడ్డాడు. గ్యాస్ ఎప్పుడు బుక్ చేశావు అని అడిగినంత మామూలుగా అడిగాడు. మాకు పెళ్ళయి రెండేళ్ళు దాటింది.

"ఏడు," అన్నాను.

"నేను రెండని రాశాను."

గరిటె పక్కన పెట్టాను. "ఎక్కడ రాశావు?"

"అప్లికేషన్‌లో. నేను నింపాల్సిన భాగంలో." హాల్లో టీవీ ముందున్న వాళ్ళమ్మ వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "నువ్వు నీ భాగంలో ఏడని రాశావు కదా. పొంతన కుదరలేదని మెయిల్ వచ్చింది. ఇద్దరికీ ఇంటర్వ్యూ అట. విడివిడిగా."

నేను కెనడా పౌరురాలిని. చదువుకోవడానికి వెళ్ళి, అక్కడే ఉద్యోగం చేసి, ఆ పాస్‌పోర్టు సంపాదించుకున్నాను. నాన్నకి పక్షవాతం వచ్చినప్పుడు కంపెనీని అడిగి హైదరాబాద్ ఆఫీసుకి మారాను. నాన్న పోయాక కూడా ఇక్కడే ఉండిపోయాను. రాయదుర్గంలో నా ఆఫీసూ రవి ఆఫీసూ ఒకే టవర్లో ఉన్నాయి. కింద ఫుడ్‌కోర్టులో పరిచయమై, కొన్ని నెలల్లోనే పెళ్ళి చేసుకున్నాం. ఇప్పుడు తిరిగి అక్కడికి వెళ్ళి కాపురం పెట్టాలనుకున్నాం. భార్యగా నేను స్పాన్సర్ చేస్తేనే రవికి అక్కడ స్థిరంగా ఉండే హక్కు వస్తుంది. అయితే మాది నిజమైన పెళ్ళేనని, వీసా కోసం ఆడిన నాటకం కాదని అక్కడి అధికారులకి నమ్మకం కలగాలి. పెళ్ళాం తమ దేశంలో ఎన్నేళ్ళు ఉందో సరిగ్గా చెప్పలేని మొగుణ్ణి ఎవరు నమ్ముతారు?

రవికి తెలియక కాదు. ఆ రెండు అన్న అంకె అత్తగారిది.

నిశ్చితార్థానికి ముందు రోజు కనకలక్ష్మి గారు నన్ను గదిలోకి పిలిచి, నా చెయ్యి తన చేతిలోకి తీసుకుని, చాలా మెత్తగా చెప్పారు. "ఏడేళ్ళు ఒక్కదానివే ఉన్నావంటే మావైపు వాళ్ళు రకరకాలుగా అనుకుంటారమ్మా. తణుకులో నోళ్ళ సంగతి నీకు తెలీదు. ఆఫీసు పని మీద రెండేళ్ళు వెళ్ళొచ్చిందని చెప్పాను. నువ్వూ అలాగే అనెయ్." నాన్న పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. ఆ చెయ్యి వెచ్చగా ఉంది. తలూపాను. ఆ రోజునుంచీ నా బతుకులో ఐదేళ్ళు ఆ ఇంట్లో ఎక్కడా లేకుండా పోయాయి. కోడలు కారు బాగా నడుపుతోందే అని ఎవరైనా అంటే, "మావాడే నేర్పించాడండి," అనేవారు మామగారు బుల్లిబాబు గారు. గడ్డకట్టిన రోడ్ల మీద ఏళ్ళ తరబడి బండి నడిపిన దాన్ని నేను. రవికి ఔటర్ రింగ్ రోడ్డు మీద భయం పోగొట్టింది కూడా నేనే. రవి నవ్వి ఊరుకునేవాడు. నా చలికోటు అలమరలో చోటు తినేస్తోందని అత్తగారు ఎవరికో ఇచ్చేశారు. సాయంత్రాలు అక్కడి టీముతో నేను కాల్‌లో ఉంటే, "మాట్లాడ్డమే కదమ్మా, ఆ చేత్తో పప్పు ఓసారి కలుపు," అని గిన్నె నా పక్కకి జరిపేవారు. ముప్ఫై మంది ఇంజనీర్ల పని నేను చూసుకుంటాను. మ్యూట్ నొక్కి పప్పు కలిపేదాన్ని.

ఈ స్పాన్సర్ వ్యవహారం మొదలయ్యాక కథ ఇంకో మలుపు తిరిగింది. మూడేళ్ళపాటు భర్త పోషణకి పూచీ నాదేనని నేను సంతకం పెట్టాలి. అది చూసి అత్తగారు, "మీ మావయ్య కంట పడనివ్వకమ్మా, చిన్నబుచ్చుకుంటారు," అన్నారు. బంధువులకి మాత్రం మా రవికి కెనడా వచ్చేసింది, కోడల్ని తీసుకెళ్తున్నాడు అని ఫోన్లు వెళ్ళిపోయాయి.

ఆ రోజు ఆఫీసులో నా మొహం చూసి స్రవంతి కుర్చీ దగ్గరకి లాక్కుంది. శేరిలింగంపల్లిలో పుట్టి పెరిగిన మనిషి, నాతోపాటే పనిచేస్తుంది. అంతా విని తిన్నగా అడిగింది.

"ఏంది నవ్యా, మొగడు ఇగ నీ ముచ్చట బట్టీ పట్టాల్నా? నువ్వేమన్న దొంగతనం జేసినవా గిట్ల దాస్తున్రు?"

"వాళ్ళకి నలుగురేమనుకుంటారో అని భయం."

"వాళ్ళ భయం వాళ్ళది. నీకెందుకు? ఇంట్ల అందరు వినంగ జెప్పు. జర గట్టిగనే జెప్పు."

ఆదివారం పడగ్గది తలుపు వేసుకుని ప్రాక్టీసు మొదలుపెట్టాం. ముందు రవి నన్ను అడిగాడు. తనకి ఏ క్లాసులో మోచెయ్యి విరిగింది, ఏ కూర ముట్టడు, మొదటి ఉద్యోగంలో ఎవరితో గొడవ పడ్డాడు, వాళ్ళ నాన్న బీపీ మాత్ర పేరేమిటి. వరసగా చెప్పేశాను. ఇవన్నీ ఎప్పుడు నేర్చుకున్నానో కూడా గుర్తులేదు. వండుతూ, వడ్డిస్తూ, మందులు తెస్తూ, ఆ ఇంటి కబుర్లు వింటూ నేర్చుకున్నాను. ఆ పనికి జీతం ఉండదు కాబట్టి అది పని అని కూడా ఎవరికీ అనిపించదు.

తర్వాత నా వంతు వచ్చింది. మొదట నేను ఏ ఇంట్లో ఉన్నానో, ఎక్కడ పనిచేశానో రవికి తెలియదు. వాంకూవర్ అన్నాడు. నేనున్నది విన్నిపెగ్‌లో. ల్యాప్‌టాప్ తెరిచి, "నువ్వు పాయింట్లు చెప్పేయ్, నేను గుర్తుపెట్టుకుంటా," అన్నాడు. క్లయింటు మీటింగుకి తయారవుతున్నట్టే ఉన్నాడు. అందులో చెడ్డతనమేమీ లేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. నన్ను ప్రేమించిన మనిషే, ఇన్నాళ్ళలో ఒక్కసారైనా అక్కడ ఎలా బతికావు అని అడగలేదు. అడిగితే వాళ్ళమ్మ చెప్పే కథకి అడ్డొస్తుంది కాబట్టి, అడగకపోవడమే మర్యాద అనుకున్నాడు.

"పాయింట్లు కాదు రవీ," అని లేచి తలుపు తీశాను. "హాల్లోకి రా. అక్కడ చెప్తాను."

"అమ్మా నాన్నా ఉన్నారు."

"అందుకే."

అత్తగారు చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. మామగారు పేపరు చదువుతున్నారు. నేను సోఫాలో కూర్చుని, రవిని ఎదురుగా కూర్చోమని, మొదలుపెట్టాను.

జనవరిలో దిగాను. విమానాశ్రయం బయట ఊపిరి పీలిస్తే ముక్కులో వెంట్రుకలు గడ్డకట్టాయి. తెల్లవారకముందే బస్సెక్కి ఒక బేకరీకి వెళ్ళి ట్రేలు కడిగేదాన్ని. ఆ తడి చేతులతోనే క్లాసుకి పరిగెత్తేదాన్ని. ఒక రోజు బస్‌స్టాపులో మంచు మీద జారి మణికట్టు విరిగింది. ఆసుపత్రిలో నర్సు, అత్యవసరమైతే ఎవరికి ఫోను చెయ్యాలి అని అడిగింది. ఎవరి నంబరు ఇవ్వాలో తోచక నా నంబరే ఇచ్చాను. ఆవిడ నా మొహంలోకి చూసి అదే రాసుకుంది. నాన్నకి చెప్పలేదు. కళ్యాణదుర్గంలో మోటార్ల రిపేరు షాపులో కూర్చుని ఆయన ఏం చెయ్యగలడు? కట్టు చెయ్యి కోటులో దాచుకుని వీడియో కాల్‌లో నవ్వేదాన్ని. ఎడమ చేత్తో పరీక్ష రాసి పాసయ్యాను. మొదటి ఉద్యోగం వచ్చిన రోజు ఇంటి దారిలో బస్సు దిగి, ఎవరూ లేని చోట గట్టిగా పాట పాడాను.

నేను చెబుతున్నది జాలిపడాల్సిన కథ కాదని చెబుతున్నకొద్దీ నాకు తెలుస్తూ వచ్చింది. ఈ ఇంట్లో దాన్నొక మచ్చలా కప్పి ఉంచారు. నేను కూడా రెండేళ్ళుగా దాన్ని అలాగే మోశాను. హాలు మధ్యలో, పగటి వెలుతురులో పెట్టి చూస్తే అది నా జీవితంలో నేను చేసిన అన్నిటికన్నా పెద్ద పని.

పౌరసత్వ ప్రమాణం చేసిన రోజు అమ్మ ధర్మవరం చీర కట్టుకుని, పైన కోటు వేసుకుని వెళ్ళాను. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. అందరి చుట్టూ కుటుంబాలున్నాయి. నా ఫోటో తియ్యమని ముక్కూమొహం తెలియని ఒకాయన్ని అడిగాను. బయటికి వచ్చి నాన్నకి ఫోను చేస్తే, మా నాన్న తిమ్మప్ప, ఎప్పుడూ రెండు ముక్కలకి మించి మాట్లాడని మనిషి, అన్నాడు: "ఇది యెవురో ఇచ్చింది గాదు పాపా. నువ్వొక్కదానివే నిలబడి సంపాదించుకునింది. యాడికి పోయినా తలెత్తుకోని చెప్పు."

ఆ మాట చెప్పాక నేను ఆగాను. చిక్కుడుకాయల గిన్నెలోకి చూస్తూ అత్తగారు అన్నారు, "పాత సంగతులు ఇప్పుడెందుకమ్మా ఇవన్నీ."

"అవసరం అత్తయ్యా. ఆ ఏడేళ్ళు లేకపోతే నాకు ఆ పాస్‌పోర్టు లేదు. అది లేకపోతే మీ అబ్బాయికి వీసా లేదు. మీరు దాచమన్నదే ఇప్పుడు మీ అబ్బాయిని తీసుకెళ్తోంది."

మామగారు పేపరు మడిచి బాల్కనీలోకి వెళ్ళిపోయారు. రవి తనతో తెచ్చుకున్న ల్యాప్‌టాప్ మూసేసి పక్కన పెట్టాడు. తర్వాత అడిగాడు. "ఆ చెయ్యి ఇప్పటికీ నొప్పి పుడుతుందా?"

"చపాతీలు వత్తితే పుడుతుంది."

అతను తల దించుకున్నాడు. మా ఇంట్లో రోజూ చపాతీలే. ఆ వారంలో మిగిలిన రోజులన్నీ రవి నన్ను ప్రశ్నలడిగాడు. ఇంటర్వ్యూలో రానివి కూడా అడిగాడు. రోటీపీట తన ముందుకి లాక్కుని, దేశపటాల్లాంటి చపాతీలు చేస్తూ అడిగాడు.

ఇంటర్వ్యూ వీడియోలోనే జరిగింది. ముందు నాతో మాట్లాడారు. తర్వాత నేను పడగ్గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. భోజనాల బల్ల దగ్గర రవి కూర్చున్నాడు. ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడు అతని గొంతు పెద్దదవుతుంది. వద్దనుకున్నా అతని మాటలు వినబడ్డాయి. ఆ అధికారి ప్రశ్న వినబడలేదు గాని, ఏమడిగి ఉంటుందో తెలుస్తూనే ఉంది.

మాకు కాగితాలు చూసిపెట్టిన కన్సల్టెంటు, టైపింగులో పొరపాటు జరిగిందని చెప్పమన్నాడు. రవి అలా చెప్పలేదు.

"పొరపాటు కాదు మేడమ్. మా ఇంట్లో ఆ ఏడేళ్ళని రెండేళ్ళని చెప్పుకున్నాం. ఒంటరిగా బతికిన అమ్మాయి అంటే బంధువులు తక్కువగా చూస్తారని. చెప్పీ చెప్పీ నాకు రెండే అలవాటైపోయింది. సిగ్గుపడాల్సింది నేను. ఆవిడ కాదు."

తర్వాత బేకరీ గురించి చెప్పాడు. చీర గురించి చెప్పాడు. ఆసుపత్రిలో నేనిచ్చిన నంబరు గురించి చెప్పాడు. అటునుంచి ఇంకో ప్రశ్న వచ్చినట్టుంది.

"ఇప్పుడు ఎవరి నంబరు ఇస్తుందో నాకు తెలీదు మేడమ్. ఇవాళ అడుగుతాను."

తలుపుకి ఆనుకుని నిలబడ్డాను. అతను తెలిసినట్టు నటించలేదు. ఆ ఒక్క జవాబుతో అతని మీద నాకు మళ్ళీ నమ్మకం పుట్టింది. వంటింట్లో అత్తగారు కూడా విన్నారు. ఆవిడకి ఇంగ్లీషు మాట్లాడటం రాదు గాని అర్థమవుతుంది. ఆ సాయంత్రం నేను కాల్‌లో ఉన్నప్పుడు పప్పు గిన్నె నా పక్కకి రాలేదు.

కొన్ని వారాలకి అనుమతి వచ్చింది. ప్రగతి నగర్‌లో ఉండే రవి బాబాయి భోజనాలకి పిలిచారు. తణుకు నుంచి కూడా కొందరు వచ్చారు. వడ్డనలయ్యాక మామగారు గొంతు సవరించుకుని, పదిమందీ వినేలా అన్నారు. "మొత్తానికి మావాడు సాధించాడండి. వచ్చే నెలలో కోడల్ని తీసుకుని కెనడా వెళ్తున్నాడు."

అందరూ రవి వైపు చూసి అభినందనలు చెబుతున్నారు. పక్కన కూర్చున్న రవి లేవబోయాడు. నా తరఫున అతనే చెప్పేస్తాడని అర్థమైంది. అతని భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాను. ఈ మాట నాకోసం ఇంకొకరు చెప్పకూడదు.

"మావయ్యా," అన్నాను లేచి నిలబడి. గొంతు పెంచాల్సిన అవసరం కూడా రాలేదు. "ఆయన నన్ను తీసుకెళ్ళడం లేదండి. నేను ఆయన్ని తీసుకెళ్తున్నాను. నేను అక్కడ ఏడేళ్ళున్నాను. ఒక్కదాన్నే వెళ్ళాను, ఒక్కదాన్నే చదువుకున్నాను, ఆ దేశపు పౌరురాలినయ్యాను. ఆయనకి పూచీ ఉంటానని సంతకం పెట్టింది నేనే."

ఎవరో పెద్దావిడ, "రెండేళ్ళని కదా కనకలక్ష్మి చెప్పింది," అని గొణిగింది. అందరి కళ్ళూ అత్తగారి మీదకి వెళ్ళాయి. ఆవిడ పమిట చెంగు సర్దుకున్నారు. నా వైపు చూడలేదు.

"ఏడే వదినా," అన్నారు నెమ్మదిగా. "నేనే తగ్గించి చెప్పాను."

మామగారు మజ్జిగ గ్లాసు అందుకున్నారు. మాటలు మళ్ళీ మొదలయ్యాయి, ఈసారి కాస్త జాగ్రత్తగా. నేను కూర్చోబోతుంటే రవి బాబాయి కూతురు నీహారిక నా దగ్గరికి వచ్చింది. ఇంజనీరింగ్ ఆఖరి ఏడాది. పరీక్షలు కూడా కాకుండానే సంబంధాలు చూస్తున్నారు.

"నిజంగా ఒక్కదానివేనా వదినా? భయం వెయ్యలేదా?"

అంట్ల కోసం వంటింట్లోంచి ఎవరో నన్ను పిలుస్తున్నారు. నేను కదల్లేదు. పక్క కుర్చీ లాగి ఆ అమ్మాయికి చూపించాను.

"వేసింది. కూర్చో, మొదటినుంచీ చెప్తాను."