కింది పొర గోడ

పొద్దున్నే మేకను గుంజకు కట్టేసి గోడ వైపు ఓ చూపు వేయడం చిన్నక్కకు అలవాటు. అంకిసలో మిగతావాళ్లు లేవగానే మబ్బు చూస్తారు, ఈవిడ గోడ చూస్తుంది. మొన్నటిదాకా గోడను అందుకోవడానికి మేకకు తాడు చాలేది కాదు. ఇవాళ దర్జాగా గోడకు వీపు రుద్దుకుంటోంది.

గోడ మళ్లీ జరిగింది.

ఆ చుట్టుపక్కల నల్లరాయి జరగడం ఎవరికీ వింత కాదు. అది ఒకప్పుడు నిప్పుల ముద్ద. చల్లారేటప్పుడు ఉత్తరం ఎటుంటే అటు గురుతు పెట్టుకుంది. గుట్టలో పై పొర చల్లారిన నాడు ఉత్తరం ఇప్పటిలాగే ఉంది. కింది పొర నాటికి మాత్రం దిక్సూచి ముల్లు దక్షిణానికి తిరిగేదట. భూమికి అలా దిక్కులు తారుమారు చేసుకునే గుణముందని సిరొంచ కాలేజీలో పాఠం చెబుతారు. ఊళ్లో వాళ్లకు అంత పాఠం అక్కర్లేదు. పై రాయి ఉత్తరానికి పోతుంది, కింది రాయి దక్షిణానికి పోతుంది. అందుకే గోడ కడితే రెండు రకాలూ కలిపి కడతారు, ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడతాయని. హద్దుగోడైతే ఇరువైపులవాళ్లూ దగ్గరుండి తలో రాయి పెట్టాలి.

చిన్నక్క పెట్టలేదు. గోడ కట్టేనాటికి మొగుడు పోశం పోయి దినాలైనా కాలేదు, మూలన కూర్చుని ఏడుస్తోంది. సరిగ్గా అప్పుడే పోశం అన్న దేవయ్య రెండు చేన్ల మధ్య గోడ లేపాడు. అన్నీ కింది పొర రాళ్లే. ఉత్తరాన దేవయ్య చేను, దక్షిణాన చిన్నక్కది, ఆ వెనక గట్టు, గట్టవతల గోదావరి. ఇక చెప్పేదేముంది!

"బావా, గోడ నా చేన్లకొచ్చింది" అని అడిగింది చిన్నక్క.

"రాయి దాని దిక్కుకు అది పోతది, నేనేం జేస్త?" అన్నాడు దేవయ్య, వస్తున్న నవ్వును ఆపుకుంటూ.

మోజణికి, అంటే భూమి కొలతకు, వచ్చిన సాహెబు ఇంకో అడుగు ముందుకేశాడు. "గోడ యాడుంటే హద్దు ఆడనే, బాయీ" అని జీపెక్కాడు.

గోడ కట్టిన ఐలన్న దగ్గరకూ వెళ్లింది. "జర పై రాళ్లు తెచ్చి నడుమ వెట్టు ఐలన్నా, గోడ ఆగుతది."

"పై పొర యాడున్నది చిన్నక్కా? అంత కంకర గొట్టి రోడ్డుకేసిండ్రు."

"కట్టిననాడు ఉండె గదా?"

ఐలన్న తల వంచుకుని సుత్తి అందుకున్నాడు. పాపిష్టివాడు, తెలిసే కట్టాడు.

ఏటికేడు గోడ వరి మడులు మింగింది. పోశంను పూడ్చిన చోటు కూడా అవతలికి పోయింది. దాని మీద దేవయ్య ట్రాక్టర్ తోలించాడు. ఆ రోజు చిన్నక్క ముద్ద ముట్టలేదు. గోడ గుడిసెను ఆనుకున్నాక మేకను అమ్మేసి, సిరొంచలో హాస్టల్ వంటకు కుదిరింది.

గోడ మాత్రం ఆగుతుందా? గట్టెక్కింది. దేవయ్యకు అప్పుడు చెమటలు పట్టాయి. మొద్దులు అడ్డం వేశాడు, గొలుసులు కట్టి ట్రాక్టర్‌తో లాగించాడు. వానాకాలంలో గోడ గట్టును చీల్చుకుని గోదాట్లో దిగిపోయింది. దిగువన ఆనకట్ట ఆపిన నీళ్లు ఆ గండిలోంచి వచ్చి రెండు చేన్లనూ ముంచాయి. ఎండాకాలం వచ్చినా నీళ్లు తీయలేదు.

ఒకనాడు దేవయ్య హాస్టల్ వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. మనిషి సగమయ్యాడు.

"చిన్నక్కా, మోజణోళ్లు నా హద్దు నదిల ఉన్నది, నాది భూమే గాదంటున్నరు. పాత హద్దు యాడనో ఇరువైపులోళ్లు జెప్తే, ఆనకట్టల మునిగిన భూమికి భూమి ఇస్తరట. నీ సగం నీకే. ఒక్క మాట జెప్పు, నీ కాళ్లు మొక్కుత."

చిన్నక్క పప్పులో గరిటె తిప్పుతూనే ఉంది.

"రాయి దాని దిక్కుకు అది పాయె బావా, నేనేం జేస్త?"

దేవయ్య వచ్చిన దారినే వెళ్లిపోయాడు. ఆ మాటతో తన సగం కూడా మునిగిందని చిన్నక్కకు తెలుసు. ముసలితనంలో పొయ్యి ముందే కూర్చోవాలనీ తెలుసు. అయినా ఆ పూట కడుపునిండా తింది.