గీత మీద మూడు వేళ్లు

మర్రిగూడ లీలమ్మ ఏ గడప తొక్కినా ముందు అడిగే మాట ఒకటే: "గీ నీళ్లు యాడియి?" పెళ్లింట్లో అడుగుతుంది, దవాఖానలో అడుగుతుంది. ఆ ఎండాకాలం సెలవుల్లో హైదరాబాదు అవతల ఆటల పార్కుకు పోయినప్పుడు, గేటు దగ్గర సంచులు వెతికే మనిషిని కూడా అడిగింది. ఆయన నీళ్ల సీసా బయట పెట్టి పొమ్మన్నాడు మరి.

"లోపల నల్లా ఉందమ్మా."

"గా నల్లా నీళ్లు యాడియి నాయినా?"

"కృష్ణా నీళ్లే."

"ఒట్టు?"

"ఒట్టే! జర కదులమ్మా, ఎనక లైను ఆగింది."

అప్పటికి గాని ఆమె సీసా వదలలేదు. కొడుకు అమరేందర్ నవ్వు దాచుకోవడానికి మొహం తిప్పుకున్నాడు. కోడలు మనీష మాత్రం ఎవరైనా విన్నారేమోనని చుట్టూ చూసింది. వినకేం, రెండు వందల మంది విన్నారు. లీలమ్మ గొంతు అసలే చిన్నది కాదు.

ఆమె మోకాళ్లు బయటికి వంగిపోయాయి. నడుము ముందుకు వంగింది. మెడ పైకి లేవదు. ఆకాశం చూడాలంటే మంచం మీద వెల్లకిలా పడుకోవాలి. ఫ్లోరైడు ఉన్న బోరు నీళ్లు ముప్పై ఏళ్లు తాగిన ఒళ్లు అది. అలాంటి మనిషి చేతికర్ర పట్టుకుని, ఇసుక వేస్తే రాలనంత జనంలోకి ఎందుకు వచ్చిందంటే, మనవరాలు వర్షిత కోసం.

కిందటేడు ఆ పిల్లను బడివాళ్లు ఇదే పార్కుకు తీసుకొచ్చారు. గుండ్రంగా తిరిగే గొలుసు ఉయ్యాలల దగ్గర ఒక కొలత పలక ఉంటుంది. దాని మీది ఎర్రగీతకు తల అందితేనే ఎక్కనిస్తారు. వర్షిత రెండు వేళ్లు తక్కువైంది. తోటి పిల్లలంతా ఎక్కారు, తను ఒక్కతే కింద చెప్పులు కాపలా కాసింది. ఇంటికొచ్చి అవ్వ మోకాళ్ల వైపు చూసి, "అవ్వా, నేను గూడ నీ లెక్కనే అయితనా?" అని అడిగింది.

లీలమ్మ అప్పటికి ఏదో చెప్పి ఊరుకోబెట్టింది గాని, ఆ మాట ఆమెకు ఏడాది పొడుగునా నిద్ర పట్టనివ్వలేదు. ఎందుకు పట్టనిస్తుంది? ఈ పిల్ల కడుపులో పడ్డ రోజు నుంచి మనీష నోట్లో బోరు నీళ్ల చుక్క పడనివ్వలేదు ఆమె. వాన పడితే బిందెల మూతికి కొత్త బట్ట కట్టి ఆ నీళ్లు పట్టింది. వాన లేకపోతే ఆటోలో వచ్చే నీళ్ల డబ్బా కొన్నది. ఆ నీళ్లు కోడలికి, ఆ తర్వాత పిల్ల పాలకు, జావకు. తను మాత్రం బోరు నీళ్లే తాగింది. నది నీళ్లు నల్లాలో ఇంటి ముందుకు వచ్చేదాకా అలాగే సాగింది. అంత చేసినా ఎక్కడైనా ఒక బోరు నీళ్ల చుక్క పిల్ల కడుపులోకి పోయిందా?

ఇంట్లోనే కొలుద్దామని అమరేందర్ అంటే ఆమె ఒప్పుకోలేదు. "మనం కొలుచుకుంటే మనకు నచ్చినట్టే వస్తది. ఆళ్ల గీత కాడనే నిలవడాలె."

ఉయ్యాలల దగ్గర వరస పాములా నాలుగు మెలికలు తిరిగి ఉంది. గంటసేపు నిలబడ్డారు. తమ వంతు వచ్చాక లీలమ్మ కళ్లు మనవరాలి నెత్తి మీద పడ్డాయి. మనీష జుట్టంతా పైకి దువ్వి, నడినెత్తిన కొబ్బరికాయంత ముడి వేసింది. లీలమ్మ చెయ్యి చాపి క్లిప్పు లాగేసింది.

"అయ్యో అత్తమ్మా! రెండు వేళ్ల ఎత్తు కలుస్తదని కట్టిన."

"జుట్టు పెరిగిందా అని చూస్తలేము బిడ్డా. ఎముక పెరిగిందా అని చూస్తున్నం. చెప్పులు గూడ ఇడువు వర్షితా."

పలక దగ్గర నీలం టోపీ పెట్టుకున్న ఫర్హానా అనే అమ్మాయి ఉంది. "రా పాపా, సక్కగ నిలవడు" అంది.

"ఆగు తల్లీ," అని లీలమ్మ కర్ర అడ్డం పెట్టింది. "ముందుగాల మూడు చేయించాలె గద?"

"ఏం మూడమ్మా?"

లీలమ్మ ఆ మాట వినిపించుకోలేదు. "ఊఁ, కానీ!" అని మనవరాలి భుజం తట్టింది. వర్షితకు చెప్పే పని లేదు, ఫ్లోరైడు జబ్బు ఉందేమో చూడటానికి బడికి డాక్టర్లు వచ్చిన ప్రతిసారీ చేసిందే. గదుమ ఛాతికి ఆనించింది. రెండు చేతులూ తల వెనక్కి పెట్టి మోచేతులు విప్పింది. మోకాళ్లు వంచకుండా ఒంగి కాలివేళ్లు ముట్టుకుంది. ముట్టుకోవడమేమిటి, అరచేతులు రెండూ నేలకు ఆనించింది!

వెనక ఒకాయన, పేరు సతీశ్, కూతురు ప్రణీతను చంకనేసుకుని గంట నుంచి చెమటలు కక్కుతున్నాడు. "ఏందమ్మా, సర్కసా? మేం ఇంటికి పోవద్దా?" అన్నాడు.

"సర్కసే అనుకో. టికెట్ లేకుంట చూసినవు గద, ఊకో," అంది లీలమ్మ. వరసంతా గొల్లుమంది.

ఫర్హానా నవ్వుతూ వర్షితను పలకకు ఆనించి, నెత్తి మీద చెయ్యి బల్లపరుపుగా పెట్టింది. మనీష, జనం చూస్తున్నారని సిగ్గుపడుతూనే, అత్త చెయ్యి పట్టుకుంది.

"ఎక్కువనే ఉందమ్మా. మూడు వేళ్లు."

"మల్ల చూడు తల్లీ."

"మూడు వేళ్లే! పో పాపా, ఎక్కు."

వర్షిత ఎగిరి గంతేసి లోపలికి ఉరికింది. లీలమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. అంతలో పక్కన ఏడుపు మొదలైంది. ప్రణీత గీతకు జానెడు తక్కువైంది. లీలమ్మ గబుక్కున సతీశ్ వైపు తిరిగింది.

"నాయినా, మీరు యాడి నీళ్లు తాగుతరు?"

"నీళ్లా? నీళ్లకేమాయె?"

"పిల్ల గీతకు అందలే గద. జెల్దిన దవాఖానకు చూపియ్యి."

ఫర్హానాకు అప్పుడు అర్థమైంది. "అమ్మా, గీ గీత జబ్బు చూసేటందుకు గాదు. కుర్సీ బెల్టు పిల్లలకు సరిపోవాలె, జారిపడొద్దు. గంతే."

లీలమ్మ తల బాదుకుని నవ్వింది. "బెల్టు కొరకా! ఓరి నీ బెల్టు పాడుగాను! ఏడాది సంది నాకు బువ్వ సయించకపాయె గదనే!" అమరేందర్ ఈసారి నవ్వు దాచుకోలేదు.

అయినా ఆమె ప్రణీతను వదల్లేదు. వరస పక్కకు పిలిచి, కళ్లు తుడిచి, ఆ మూడూ చేయించింది. పిల్ల ఏడుపు మరిచిపోయి, ఆటనుకుని రెండుసార్లు చేసింది.

"సక్కగున్నది నీ బిడ్డ. రెండేండ్లల్ల ఎక్కుతది, ఫికర్ చెయ్యకు," అని సతీశ్‌కు చెప్పింది. అతను "మంచిదమ్మా" అన్నాడు.

ఉయ్యాలలు లేచాయి. జనమంతా తలలు పైకెత్తారు. లీలమ్మ మెడ లేవదు. "నేను ఫోన్ల తీసి చూపిస్తనే అమ్మా" అన్నాడు అమరేందర్.

"ఎందుకురా? నాకు కనవడుతనే ఉంది."

ఆమె నేల వైపు చూస్తోంది. సిమెంటు మీద కుర్చీల నీడలు బారులు తీరి గిర్రున తిరుగుతున్నాయి. ఆమె పాదాల మీదుగా, కర్ర మీదుగా, వంగిన మోకాళ్ల మీదుగా పోతున్నాయి. అందులో ఒక నీడ కాళ్లు బారుగా చాపి ఉంది, చక్కగా, ఎక్కడా వంపు లేకుండా.

లీలమ్మ కర్రతో దాన్ని చూపించి, పక్కనున్న నలుగురికీ వినబడేలా అంది.

"అగో, గదే మా వర్షిత!"