విమానం నీడతో కుట్టిన తెర

అన్యాయం జరిగింది గగన్‌పహాడ్ స్వరాజ్యానికి, 2011 నవంబర్ పద్నాలుగున. ఆమె పిల్లల కోసం రాసిన "నక్కకు కిరాయి ఇల్లు" నాటకం బడిలో ఆడితే, మైకులో రచయితగా తెలుగు సారు భీమశంకరరావు పేరు పలికింది. సారు చేసిందల్లా "కిరాయి" కొట్టేసి "అద్దె" అని పెట్టడం, మిగతాది కూడా అదే తీరున దిద్ది శుభ్రంగా తిరగరాయడం. తిరగరాసినవాడే రచయిత అనుకున్నాడు పాపం. రవిక ఇస్త్రీ చేసినవాడు కుట్టినవాడైపోయినట్టు.

స్వరాజ్యం జాకెట్లు కుట్టి బతుకుతుంది. బడిలో చదివింది నాలుగే అయినా పాత పేపర్ల కొట్టులో కిలోల లెక్కన పుస్తకాలు కొని నమిలేసింది. పొద్దున మిషను, మధ్యాహ్నం రాత, సాయంత్రం పిల్లలతో రిహార్సలు. తెరలూ తనే కుడుతుంది. శంషాబాద్ విమానాశ్రయం వచ్చాక అక్కడ తెరగుడ్డ కొన్నవాళ్లు లేరు. దిగే విమానం నీడ బడి మైదానం మీద పడగానే పిల్లలు నాలుగు మూలలా రాళ్లు పెడతారు, ఆమె అంచు మడిచి కుట్టేస్తుంది. కాస్త కిరసనాయిలు వాసన, అంతే. శివమ్మ మిర్చీల బండికి పైకప్పు కూడా అట్లాంటి నీడే. పైకి ఎక్కే విమానం నీడ మాత్రం ఎవరూ పట్టరు. దానికెప్పుడూ పోయే ధ్యాసే.

ఫిబ్రవరిలో బడి వార్షికోత్సవానికి మళ్లీ అదే నాటకం అన్నారు. ఆ రోజు ఏ పేరు చదివితే ఆ పేరే పట్నంలో పిల్లల నాటకాల పోటీకి వెళ్తుంది. స్వరాజ్యం పోయి తన పేరు అడిగింది.

"నీ భాషలో పంపితే నవ్వుతారమ్మా," అన్నాడు సారు.

"పిల్లల నాటకం నవ్వనీకే రాస్తరు సార్. మీరు దిద్దినంక ఒక్క పోరడన్న నవ్విండా?"

తెర ఇవ్వనని వచ్చేసింది. సారు తనే మైదానంలోకి దిగి ఒక నీడ పట్టాడు. అది ఎక్కేదాని నీడ తాతయ్యా అని, నక్క వేషం వేసే ఆయన మనవరాలు చిన్మయి చెప్పి చూసింది. నీడల్లో తేడా ఏమిటని కసిరాడు. తన పేరు రాసిన అట్ట కూడా దానికే పిన్నులతో గుచ్చాడు.

వార్షికోత్సవం నాడు మధ్యాహ్నం నాటకం మొదలైన ఐదు నిమిషాలకు పైన విమానం మోత వినిపించింది. తెర అంచులు విదుల్చుకుని లేచి, అట్టతో సహా ఆ విమానం వెంటే పోయింది. ఎవరూ తల ఎత్తలేదు. ఎక్కే నీడ పోక ఏం చేస్తుంది? తెర చాటున ఉండి డైలాగులు అందిస్తున్న సారు మాత్రం చేతిలో కాగితాలతో జనం ముందు బయటపడ్డాడు. గబగబా కాగితాలు వీపు వెనక దాచాడు. అందించేవాళ్లు లేక చిన్మయి దిద్దిన మాటలు మరిచిపోయి, స్వరాజ్యం దగ్గర నేర్చినవే ఎత్తుకుంది.

"కిరాయి ఎంతనే కాకమ్మా? జర తగ్గియ్యరాదే, పిల్లలు గలదాన్ని."

"పిల్లలున్నోళ్లకు ఇయ్యం. పోయి రావిర్యాల దిక్కు చూస్కో," అంది కాకి వేషం పిల్ల.

జనంలో సగం మంది కిరాయిదార్లే. నవ్వు ముందు వరసలో పుట్టి వెనక గోడదాకా పోయింది. తల్లుల ఒళ్లో పిల్లలు కూడా నవ్వారు. సారు కదలకుండా నిలబడి చివరిదాకా విన్నాడు. తర్వాత తనే మైకు దగ్గరికి వెళ్లాడు.

"ఇది స్వరాజ్యంగారు రాశారండీ. నేను దిద్దిన చోట మీరెవరూ నవ్వలేదు."

స్వరాజ్యం కుర్చీ జరిపింది. "ఇగ కూసోర్రి సార్. గంట సేపు నిలబడితిరి, కాళ్లు గుంజుతయి."

అక్కడే కూర్చుని, ఒక్క మాట కూడా దిద్దకుండా, పోటీ కాగితం ఆయనే నింపాడు. నాటకం: నక్కకు కిరాయి ఇల్లు. రచన: స్వరాజ్యం, గగన్‌పహాడ్. తేదీ: 24 ఫిబ్రవరి 2012, శుక్రవారం.