సరంగు చెప్పిన వరద

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. ఆ సామెత కట్టినవాళ్ళు రికార్డుల భవనం చూసి ఉండరు. అక్కడ జారిన నోటిని కూడా వెనక్కి తీసుకోవచ్చు, దానికో ఫారం ఉంది. ఆ ఫారం కోసమే సరంగు ఆ పొద్దున ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఇంకా ఎవరూ పిలవకముందే రెండుసార్లు లేచి కూర్చుని, చివరికి కౌంటరు ముందు నిలబడ్డాడు.

డెబ్బై ఆరేళ్ళ మనిషి. ముప్ఫై ఏళ్ళు ఏటికి ఈ గట్టునుంచి ఆ గట్టుకి లాంచీ నడిపాడు. పని మానేసి పదహారేళ్ళయినా అందరికీ ఇంకా సరంగే. సొంత కొడుకు స్నేహితులు కూడా సరంగుగారూ అనే పిలుస్తారు.

"నా టేపు నాకిచ్చెయ్యమ్మా" అన్నాడు.

కౌంటరు వెనక ఉన్నావిడ కళ్ళజోడు తల మీదికి నెట్టుకుంది. నలభై ఏళ్ళుంటాయి. చనిపోయినవాళ్ళ ఉత్తరాలనీ, డైరీలనీ, బతికున్నవాళ్ళ మాటలనీ అట్టపెట్టెల్లో పెట్టి పసిపిల్లల్లా చూసుకోవడం ఆవిడ ఉద్యోగం.

"అదేంటి బాబాయిగారూ! వచ్చే వారమే కదా రేవులో మీ గొంతు పెడుతున్నాం. ఉత్తరం అందలేదా?"

అందింది. పీకల మీదికి తెచ్చింది ఆ ఉత్తరమే. రేవులో కొత్తగా ఒక పెట్టె నిలబెడతారట. మీట నొక్కితే సరంగు గొంతు పెద్ద వరద కథ చెబుతుందట. మొదటిసారి మీట నొక్కే రోజున కుటుంబమంతా ముందు వరసలో కూర్చోవాలట. 'ముఖ్యంగా మీ బావమరిదిగారు' అని కింద చేత్తో రాశారు కూడా.

ఆ కథ ఎవరి ముందు వినిపించినా ఫరవాలేదు, బావమరిది ముందు తప్ప. ఎందుకంటే అది అబద్ధం. నలభై నాలుగేళ్ళ కిందట ఏరు పొంగిన పొద్దున ఆ గట్టున చిక్కుకున్న నలభై మందిని లాంచీలో తెచ్చింది సరంగు కాదు. అప్పటికి ఇరవై నాలుగేళ్ళున్న బావమరిది. అక్క వాణ్ణి చిన్నోడా అని పిలిచేది, అందుకని అందరికీ చిన్నోడే. అరవై ఎనిమిదేళ్ళొచ్చి, మోకాళ్ళు అరిగి, జుట్టంతా ఊడినా చిన్నోడే.

అబద్ధం ఒక్క రోజులో పుట్టలేదు. వానలో మొహాలెవరూ సరిగా చూడలేదు. 'సరంగు లాంచీ కాపాడింది' అన్నారు జనం. కొన్నేళ్ళకి లాంచీ మాట రాలిపోయి 'సరంగు కాపాడాడు' మిగిలింది. ఎవరైనా పొగిడితే సరంగు మొదట్లో తల దించుకునేవాడు. తర్వాత తల ఊపాడు. ఆ తర్వాత వివరాలు కూడా చేర్చాడు. చిన్నోడు పక్కనే ఉంటే నవ్వి ఊరుకునేవాడు. పద్నాలుగేళ్ళ కిందట రికార్డుల వాళ్ళు మిషను పట్టుకుని ఇంటికొస్తే ఆ వివరాలన్నీ పూసగుచ్చినట్టు చెప్పి సంతకం పెట్టాడు సరంగు. చుక్కాని తన చేతిలో ఉందన్నాడు. చిన్నోడు ఇంజను దగ్గర ఉన్నాడన్నాడు, అదేదో దయతలచి ఇచ్చినట్టు. ఆ మాట మాత్రం చిన్నోడి ముందు ఎన్నడూ అనలేదు.

"వెనక్కి తీసుకోవచ్చు, మీ హక్కు" అంది ఆవిడ, మనసు చివుక్కుమన్నా బయటికి కనపడనివ్వకుండా. "టేపూ, నకళ్ళూ అన్నీ చెరిపేస్తాం. కానీ సంతకం పెట్టేముందు మొత్తం ఒకసారి వినాలి. మా నియమం. పారేసేదేంటో తెలిసి పారెయ్యాలి కదా. రేవు పెట్టెకి మొదటి ఐదు నిమిషాలు చాలని నేనూ చివరిదాకా వినలేదు, మీరే వినండి."

టేపుతో పాటు ఒక కార్డు తెచ్చింది. ఆ టేపు విన్నవాళ్ళంతా తేదీ వేసి సంతకం పెట్టాలి. సరంగు పెన్సిలు పట్టుకుని కార్డు మీదికి వంగాడు.

కార్డు నిండా ఒకే సంతకం. పదమూడుసార్లు. చివర్లో తోక మెలితిరిగే ఆ సంతకాన్ని ఆయన ఎక్కడున్నా గుర్తుపడతాడు. తన పెళ్ళాం చిన్నోణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని నేర్పించిన సంతకం అది. మొదటి తేదీ ఆమె పోయిన నెలలోది. ఆ తర్వాత ఏడాదికొకటి.

టేపులో తనేం చెప్పాడో పదమూడేళ్ళుగా చిన్నోడికి తెలుసు. అయినా రోజూ సాయంత్రం బావా అంటూ వచ్చి, చెస్ బల్ల పరిచి, ఓడిపోయి, గెలిచినవాణ్ణి తిట్టి పోతున్నాడు. సరంగు తేలు కుట్టిన దొంగలా కుర్చీలో కూలబడ్డాడు. ఆవిడే హెడ్‌ఫోన్లు తెచ్చి చెవులకి పెట్టింది.

తన గొంతు వినలేక చచ్చాడు. ఎన్ని గొప్పలు! అలల ఎత్తు ఒకచోట రెండు నిలువులు, ఇంకోచోట మూడు. ఇరవయ్యో నిమిషంలో వీధిలోంచి ఎవరో పిలిచారు, తను వస్తున్నానంటూ లేచిన చప్పుడు, తలుపు చప్పుడు. మిషను ఎవరూ ఆపలేదు.

అప్పుడు మిషను పట్టుకొచ్చిన అమ్మాయితో ఆయన పెళ్ళాం మాట్లాడింది.

"ఆయన లేరు కదా, చెప్తానమ్మా. లాంచీ నడిపింది మా చిన్నోడు. ఈయన ఎక్కబోతుంటే నేనే చొక్కా పట్టుకుని లాగేశాను. నాకు అప్పుడు ఎనిమిదో నెల. వెళ్ళనివ్వలేదు. 'నేను వెళ్తాలే అక్కా' అని వాడు ఎక్కేశాడు. వాణ్ణి ఆపలేదు తల్లీ నేను. అమ్మ పోయాక నా చేతుల్లో పెరిగినవాడు. వాడు వెళ్తుంటే నా చెయ్యి లేవలేదు." కాసేపు ఏడుపు. ముక్కు చీదుకున్న చప్పుడు. "ఈయన గొప్పలు చెప్పుకోనివ్వండి. పెళ్ళాం ఆపిందని చెబితే నన్నంటారని అలా చెప్తారు. మంచినీళ్ళు తాగుతావా అమ్మా?"

పదమూడేళ్ళ తర్వాత ఆ గొంతు వినేసరికి ఆయన టేబులు అంచు పట్టుకుని ఉండిపోయాడు. మంచినీళ్ళు తాగుతావా అని ఆమె తననే అడిగినట్టుంది. టేపు ఎప్పుడు ఆగిందో తెలియలేదు. కౌంటరావిడ వచ్చి ఫారం ముందు పెట్టింది. ఆయన దాన్ని చూడను కూడా లేదు. "చెరపకమ్మా. ఒక్క ముక్క కూడా చెరపకు" అని లేచి వెళ్ళిపోయాడు.

చిన్నోడిది రేవు వెనక సందులో మోటార్లు చుట్టే కొట్టు. ఒళ్ళో పాత ఫ్యాను మోటారు పెట్టుకుని రాగితీగ చుడుతున్నాడు.

"టేపు విన్నావా?" అన్నాడు సరంగు గుమ్మంలోంచే.

చిన్నోడి చెయ్యి ఆగింది. "విన్నా. కూర్చో బావా, ఎండన పడి వచ్చావు."

"ఎందుకు అడగలేదురా నన్ను?"

"అబద్ధం సంగతా? అది నాకు నలభై ఏళ్ళుగా తెలుసు కదా. నీ కోతలు కొత్తా నాకు?" నవ్వాడు, కానీ నవ్వు నిలవలేదు. "అక్క మాటే కష్టమైంది. తను పోయాక, టేపులో తన మాట ఒక్కటైనా పడి ఉంటుందేమోనని వెళ్ళాను. అది విన్నాక రెండు నెలలు మీ ఇంటికి రాలేదు, గుర్తుందా? మోకాలి నొప్పన్నాను. నొప్పి కాదు. నిన్ను పట్టుకుని నన్ను వదిలేసిందని కోపం. ఏటిలో పోతే పోనీ అనుకుందా అని."

"మరి మళ్ళీ మళ్ళీ ఎందుకు విన్నావు?"

"అక్క గొంతు ఇంకెక్కడుంది బావా? గొంతు కావాలంటే ఆ మాటలు వినాల్సిందే. వినగా వినగా మాటలు అరిగిపోతాయనుకున్నా. కొంచెం అరిగాయిలే."

సరంగు స్టూలు మీద కూర్చున్నాడు. ఇన్నేళ్ళూ దాచింది చుక్కాని సంగతి కాదు, దాని వెనకది. అది చెబితే తన పరువు మిగలదు. చెప్పకపోతే ఆమె మీద వీడి కోపం మిగులుతుంది. తన పరువు కన్నా ఆమే ముద్దు, వీడే ముద్దు. ఆ సంగతి ఇంత ఆలస్యంగా తెలిసినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"అక్క నన్ను లాగలేదురా."

చిన్నోడు తలెత్తాడు.

"నేను లాంచీ ఎక్కబోలేదు, ఆ వానలో నీకలా కనపడింది. ఆ నీళ్ళు చూడగానే కళ్ళు తిరిగాయి. కాళ్ళు చచ్చిపోయాయి. గట్టు మీంచి ఏట్లోకి తూలిపోతున్నా. నిండు మనిషి, రెండు చేతులతో నన్ను నడుం దగ్గర పట్టుకుని నిలబెట్టింది. నువ్వు వెళ్తున్నప్పుడు చెయ్యి లేవలేదంటే, ఖాళీ లేదురా. వదిలితే నేను పోతాను. నీ పేరు పెట్టి అరిచింది. ఇంజను చప్పుడులో నీకు వినపడలేదు. గొంతు పోయేదాకా అరిచింది. మూడు రోజులు మాట రాలేదు దానికి. జలుబని చెప్పాం నీకు. నేను పిరికివాణ్ణని ఎవరూ అనుకోకూడదని ఆ నింద తన మీద వేసుకుంది. నా పరువు కోసం నీ దగ్గర చెడ్డదైంది."

రాగితీగ ఉండ కింద పడి గుమ్మం దాకా దొర్లింది. చిన్నోడు దాన్ని తియ్యలేదు. ముసలి మొహం చిన్నపిల్లాడిలా ముడుచుకుపోయింది.

"అరిచిందా?"

"అరిచింది."

"ఏమని?"

"చిన్నోడా, రా అని."

చిన్నోడు మోటారుని ఒళ్ళోంచి దించి పక్కన పెట్టాడు. చేతులు తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

"వాళ్ళ ఆఫీసు ఎన్నింటి దాకా బావా?"

"అయిదు దాకా."

"పద. ఇదీ టేపులో చెప్పేసి వద్దువు గాని. నేను పక్కన కూర్చుంటా" అని కొట్టు తలుపు దించాడు.